పన్నెండు తొట్లు, ఒక జాడీ

కార్తీక మాసంలో మా ఇంటి గడప ఉల్లిపాయ కూడా దాటదు. అలాంటి ఇంట్లో రొయ్యలు పెరుగుతున్నాయంటే జగ్గయ్యపేటలో మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు ఊరుకోలేదు. "చంద్రమౌళిగారూ, ఇగురు ఎప్పుడండీ?" అని షాపుకొచ్చిన ప్రతివాడూ అడిగేవాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పైపు మలుపుకు ముప్పావంగుళం ఎల్బో అడిగినవాడికి అంగుళం ఎల్బో ఇచ్చి పంపిన రోజులున్నాయి. మా ఆవిడ శ్యామల మాత్రం నవ్వి, "తినే రొయ్యలు మీ ఇంట్లో ఉంటాయి అన్నయ్యగారూ, చూసే రొయ్యలు మా ఇంట్లో ఉంటాయి" అనేది. దాంతో అడిగినవాడు పైపులు కొనుక్కుని పోయేవాడు.

ఈ నాలుగు ముక్కలూ ఆవిడ గురించే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన వెధవ పని కూడా ఒకటుంది. అది దాచిపెట్టి రాస్తే ఆవిడ గొప్పతనం సగం కూడా కనపడదు కాబట్టి దాచడం లేదు.

పైపులు, ఫిట్టింగులు అమ్మే షాపు మాది, మా నాన్న పెట్టింది. శ్యామలాదేవి పెనుగంచిప్రోలు పిల్ల. వాళ్ళ నాన్నకు అక్కడ కిరాణా కొట్టుండేది. తనకు ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. అప్పటికి పదిహేడేళ్ళున్న అక్క సుబ్బమ్మే తల దువ్వి, అన్నం పెట్టి, మున్నేటి గట్టు మీద చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళి పెంచింది. చెల్లెలు పదో తరగతి గట్టెక్కేదాకా నాకు పెళ్ళి వద్దని భీష్మించుకు కూర్చుందట సుబ్బమ్మ వదిన. ఆ తర్వాతే నందిగామ కోడలైంది.

పెళ్ళయిన కొత్తలో నేను మధ్యాహ్నం భోజనానికి వస్తే శ్యామల షాపులో కూర్చునేది. ఏడాది తిరిగేసరికి ప్లంబింగ్ మేస్త్రీలు నన్ను వదిలేసి తనని అడగడం మొదలుపెట్టారు. నేను ఏం కావాలని అడిగేవాణ్ణి. తను, నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయని అడిగేది. తేడా అంతే. ఆ తేడా మీదే మా షాపు ముప్పై ఏళ్ళుగా నడుస్తోందని ఈ మధ్యే ఒప్పుకుంటున్నాను.

రొయ్యల్ని తెచ్చింది మా అమ్మాయి సింధూర. విజయవాడలో చదువుకునే రోజుల్లో ప్లాస్టిక్ కవరులో నీళ్ళతో పాటు పది ఎర్ర రొయ్యల్ని తెచ్చింది. ఒక్కొక్కటి గోరంత ఉంది. పాచి తింటూ, బుల్లి కాళ్ళతో మూతి తుడుచుకుంటూ తిరిగేవి. సింధూర ఉద్యోగానికి పోయింది, రొయ్యలు మాకు మిగిలాయి. ఆ వేసవిలోనే ఒక్కొక్కటిగా చావడం మొదలుపెట్టాయి. పాత పెంకు విడిచి కొత్త పెంకు వేసుకోవాల్సినప్పుడు, పెంకు ఊడక సగంలోనే ఇరుక్కుని పోతున్నాయి.

మాది సున్నపురాతి నేల. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. తొట్టిలో తగ్గిన నీళ్ళకు బదులు ఆ బోరు నీళ్ళే పోసేవాళ్ళం. ఒకరోజు శ్యామల పొయ్యి దగ్గర నిలబడి నన్ను పిలిచింది.

"ఏవండీ, పులుసు మరిగి దగ్గరపడితే ఏమవుతుంది?"

"ఉప్పెక్కుతుంది."

"అప్పుడు ఉప్పు నీళ్ళు పోస్తామా, మంచినీళ్ళు పోస్తామా?"

ఆకలి మీదున్నాను. చిరాగ్గా, "మంచినీళ్ళే పోస్తాం, ఇదేం ప్రశ్న?" అన్నాను.

"తొట్టిలో ఆవిరయ్యేది ఒట్టి నీళ్ళేనండీ. సున్నం అందులోనే ఉండిపోతోంది. దాని మీద మనం మళ్ళీ సున్నం నీళ్ళు పోస్తున్నాం. పాపం, మనమే వాటికి ఉప్పెక్కించి చంపుతున్నాం."

ఆ పూట నుంచి తగ్గిన మేరకు ఆర్‌వో నీళ్ళే పోయడం మొదలుపెట్టింది. చావులు ఆగాయి. ఒక తొట్టి మూడైంది, మూడు ఆరైంది, ఆరు పన్నెండైంది. ముందు గదిలో మూడు అరల ఇనుప ర్యాకు, అరకు నాలుగు తొట్లు. నీళ్ళు ఎంతవరకు ఉండాలో తెలియడానికి ప్రతి తొట్టి అద్దం మీదా తన స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించింది. మా ఊరి ఎండలో మూత పెడితే తొట్టి వేడెక్కి రొయ్యలు చస్తాయి, మూత తీసి ఫ్యాను పెడితే రోజుకు వేలి మందం నీళ్ళు ఆవిరైపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకని ఫ్యాను పెట్టి, రోజూ పొద్దున్నే చెంబుతో పన్నెండు తొట్లలోనూ బొట్టు దాకా నీళ్ళు పోసేది. ఒక్కదాంట్లోనూ గబుక్కున పోయదు. సన్నధారగా పోస్తుంది. ఆ గంటసేపు నాకు కాఫీ కూడా ఉండదు.

వాటిల్లో తన ప్రాణం పసుపు రొయ్యలు. ఖమ్మం నుంచి ఎవరో పాలిపోయిన పసుపువి పంపితే, ప్రతి కాన్పులోనూ రంగు బాగా పండినవాటిని ఏరి వేరే తొట్టిలో వేస్తూ, నాలుగేళ్ళు పట్టు పట్టి, అరగదీసిన పసుపుకొమ్ము రంగు తెప్పించింది. కోదాడ నుంచి ఒకాయన చూడ్డానికొచ్చి, "ఇసొంటియి హైదరాబాదుల గూడ దొర్కయమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం నాకు అడక్కుండానే మిరపకాయ బజ్జీలు వేసింది.

ఇదంతా బాగానే ఉంది గాని, ఆ తొట్లు తనకు సంకెళ్ళయ్యాయి. వేసవిలో ఒక పూట మించి ఊరు వదలడానికి లేదు.

రెండేళ్ళ కిందట మే నెలలో సుబ్బమ్మ వదిన బాత్రూంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. శ్యామల వెళ్ళింది. మూడో రోజు నేను ఫోన్ చేసి, తొట్లలో నీళ్ళు రెండు వేళ్ళు దిగిపోతే ఎడాపెడా బోరు నీళ్ళు పోశానని చెప్పాను. అంతే, తరువాతి బస్సుకు ఇంటికొచ్చేసింది. బయల్దేరేటప్పుడు వదిన, "వెళ్ళవే. వాటికి నువ్వు తప్ప ఎవరున్నారు?" అందట. ఆ మాట నాతో చెప్పి శ్యామల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తర్వాత వదిన ఫోన్లు తగ్గించేసింది. పండక్కీ పబ్బానికీ పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది.

ఈ ఏడాది వదినకు మోకాలు మార్చాలన్నారు డాక్టర్లు. విజయవాడ ఆసుపత్రిలో మే నెలాఖరుకు తేదీ ఇచ్చి, పదిహేను రోజులు పక్కన మనిషి ఉండాలన్నారు. కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. కొడుకు పొద్దున్నే ఉద్యోగానికి వెళితే చీకటిపడ్డాక గాని రాడు. సంగతి తెలిసి శ్యామలే ఫోన్ చేసింది. స్పీకర్లో నేనూ విన్నాను.

"నేనుంటా అక్కా. పదిహేను రోజులూ నీ దగ్గరే ఉంటా."

"పదిహేను రోజులూ? నువ్వా?" అంది వదిన అవతల నుంచి. ఆ వెంటనే, "చూద్దాంలే" అంది.

ఆ 'చూద్దాంలే' శ్యామలకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఈసారి పదిహేను రోజులు ఉండి తీరాలి. అందులో పద్నాలుగో రోజున వచ్చేసినా అక్కకు జన్మలో మొహం చూపించలేదు. ఉండాలంటే తొట్లు వాటి నీళ్ళు అవే నింపుకోవాలి.

ఆ వారంలోనే మా వంటింటి ఆర్‌వో మిషను బాగుచెయ్యడానికి మెకానిక్ వచ్చాడు. లోపలి డబ్బా నిండగానే నీళ్ళు ఆపే బుల్లి ఫ్లోట్ వాల్వు మార్చి, పాతది పారేయబోయాడు. శ్యామల చెయ్యి చాచి తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని, నీళ్ళ మీద తేలే దాని గుల్లను వేలితో పైకీ కిందికీ ఆడిస్తూ కూర్చుంది.

"మేడ మీద ట్యాంకుకు పెట్టే బాల్ కాక్ పిల్లే కదండీ ఇది. నీళ్ళు దిగితే గుల్ల దిగుతుంది, నీళ్ళొస్తాయి. బొట్టు దాకా నిండితే గుల్ల లేచి మూసుకుంటుంది. తొట్టికొకటి పెడదాం."

నేను పైపుల వ్యాపారిని. ముప్పై ఏళ్ళ అనుభవం ఊరుకుంటుందా? "పన్నెండెందుకు? తొట్లన్నీ ఒక పైపుతో కలిపేస్తే ఒక్క వాల్వు చాలు" అన్నాను.

"మూడు అరలు మూడు ఎత్తుల్లో ఉన్నాయి. పైవాటి నీళ్ళన్నీ కింది వరసలోకి దిగిపోవా? పైగా ఒక తొట్టికి జబ్బు చేస్తే పన్నెండింటికీ అంటుకుంటుంది. దేని వాకిలి దానికి ఉండాలి."

షాపులోంచి ఆర్‌వో మిషన్లకు వాడే సన్నటి తెల్లపైపు చుట్ట, పన్నెండు వాల్వులు, పన్నెండు బుల్లి ట్యాపులు తెచ్చి ముందు పెట్టాను. ర్యాకు పైన వంద లీటర్ల నీలం డ్రమ్ము ఎక్కించాం, వారానికి సరిపడా నీళ్ళతో. రెండు రోజులు నేల మీద కూర్చుని పైపులు కోసి, బిగించి, మళ్ళీ విప్పి బిగించింది. కింది అరలో నీళ్ళు బుసకొడుతూ వస్తుంటే పై అరలో చుక్కచుక్కగా పడుతున్నాయి. ట్యాపుల్ని కొంచెం కొంచెం తిప్పుతూ మూడు అరలనూ ఒక దారికి తెచ్చింది. సంగీతం మాస్టారు వీణ తీగలు సరిచేసుకున్నంత ఓపిగ్గా చేసింది ఆ పని.

ఏప్రిల్లో ఒక ఆదివారం మేమిద్దరం గుడికి వెళ్ళొచ్చి తలుపు తీస్తే గది నిండా నీళ్ళు. చెప్పులు తేలుతున్నాయి. ఒక తొట్టిలో నత్త ఒకటి వాల్వు కాడకూ గుల్లకూ మధ్య దూరి హాయిగా కూర్చుంది. గుల్ల పైకి లేవలేదు, నీళ్ళు ఆగలేదు. డ్రమ్ములో ఉన్నదంతా ఆ ఒక్క తొట్టిలోకే వచ్చి పొంగిపోయింది. నేను నత్తను పట్టుకుని చెడామడా తిట్టాను. శ్యామల చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గోనెసంచి తెచ్చింది. నీళ్ళు తోడుతూనే ఆలోచిస్తోందని మొహం చూస్తే తెలుస్తోంది.

మర్నాడు బజారుకు వెళ్ళి టీ వడకట్టే జల్లెళ్ళు పన్నెండు కొనుక్కొచ్చింది. కొట్టువాడు హోటలు పెడుతున్నారా అమ్మా అన్నాడట. వాడు మంచివని ఇత్తడి జల్లెళ్ళు చూపిస్తే, ప్లాస్టిక్‌వే కావాలని పట్టుబట్టిందట. ఎందుకని నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నత్తలు దూరకుండా ప్రతి వాల్వు చుట్టూ ఒక జల్లెడ బిగించింది. ఆ తర్వాత వంద లీటర్ల డ్రమ్ము దించేసి, పదిహేను లీటర్లది ఎక్కించింది.

"ఇది ఒక్కరోజుకే సరిపోతుంది" అన్నాను.

"ఒక్కరోజుకే సరిపోవాలి. ఈసారి ఏది ఇరుక్కున్నా పోయేది పదిహేను లీటర్లే. రోజూ పొద్దున్నే మీరు డ్రమ్ము నింపాలి."

"ఆటోమేటిక్ అని ఊరంతా చెప్పా. మళ్ళీ నన్ను మొయ్యమంటావేంటి?"

"దానికి తెలివి లేదు, మీకు ఓపిక లేదు. పన్నెండు చోట్ల కొలిచి పోసే పని అది చేస్తుంది. ఒక్కచోట పోసే పని మీరు చెయ్యండి."

ఆ పూటే డ్రమ్ము నింపడం నేర్చుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఇంతే.

ప్రయాణం ముందు రోజు ర్యాకు పక్కన గోడకు కాగితం అంటించింది. పదకొండు జాగ్రత్తలు. బోరు నీళ్ళు ముట్టుకోవద్దు. ఈ గదిలో అగరుబత్తి వెలిగించవద్దు. దోమల మందు కొట్టవద్దు. మేత చిటికెడు మించవద్దు. ఇలా పదకొండు. తెల్లారి బస్సెక్కేటప్పుడు చేతిసంచి నాకిచ్చి, ఒళ్ళో మాత్రం ఒక గాజు జాడీ పెట్టుకుంది. కాస్త నాచు, నీళ్ళు, అందులో పన్నెండు పసుపు రొయ్యలు. జాడీకి కూడా ఒక బొట్టు.

"ఆపరేషనుకు వెళుతూ రొయ్యలెందుకే?" అన్నాను.

"అక్క ఇంటికొచ్చాక గదిలో పెడతా. ఎంతసేపని పైకప్పు చూస్తూ పడుకుంటుంది?"

వదినకు వాటి పేరెత్తితేనే మంట. ఆ పురుగుల్ని తీసుకెళ్ళి ఆవిడ మంచం పక్కనే పెడతానంటుంటే, ఇదేదో తగువుకు దారి అనుకున్నాను. బస్సు కదిలిందాకా నిలబడి ఇంటికొచ్చాను.

మొదటి ఐదు రోజులూ నేను షాపుకు ఆలస్యంగా వెళ్ళాను. కారణం సిగ్గు లేకుండా చెబుతాను. కుర్చీ వేసుకుని ర్యాకు ముందు కూర్చునేవాణ్ణి. బయట రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ. లోపల పన్నెండు తొట్లలోనూ నీళ్ళు బొట్టు అంచు దిగలేదు. ఒక తొట్టిలో గుల్ల సన్నగా కిందికి వంగుతుంది, నాలుగు చుక్కలు రాలతాయి, మళ్ళీ లేస్తుంది. పక్క తొట్టిలో ఇంకో క్షణానికి. ఎక్కడా చప్పుడు లేదు. మా షాపులో దుమ్ము కొట్టుకుపోయే సామానుతో ఇంత అందమైన పని చెయ్యొచ్చని నాకు అన్నేళ్ళూ తట్టలేదు. షాపుకొచ్చిన మేస్త్రీలను ఇంటికి పిలిచి మరీ చూపించాను. శ్యామల నుంచి రోజూ రెండు పూటలా ఫోన్. ఆపరేషన్ బాగా అయింది. ఐదో రోజు వదినను ఇంటికి తీసుకొచ్చారు.

ఆరో రోజు డ్రమ్ము మూత తీస్తే ఎండకు ప్లాస్టిక్ వాసన వేసింది. నా మనసొప్పలేదు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ రాత్రి రాగి బిందెలో నిలవ ఉంచిన నీళ్ళే పొద్దున్నే అందరికీ ఇచ్చేది. నేను ఇప్పటికీ రాగి చెంబుతోనే తాగుతాను. రాగిలో నిలిచిన నీళ్ళు అమృతమని మా ఇంట్లో మూడు తరాల నమ్మకం. నాకు మంచిదైనది వాటికి చెడ్డదెలా అవుతుంది? అటక మీది నుంచి అమ్మ బిందె దించాను. చింతపండు, ఉప్పు వేసి, చేతులు నొప్పి పుట్టేలా తళతళా తోమాను. రాత్రి ఆర్‌వో నీళ్ళు అందులో పోసి మూత పెట్టి, పొద్దున డ్రమ్ములోకి వంచేవాణ్ణి. శ్యామల వచ్చాక చెప్పి మెప్పు పొందాలని ఫోన్‌లో చెప్పలేదు. పదకొండు జాగ్రత్తల్లో రాగి మాట లేనే లేదు.

తొమ్మిదో రోజు చిన్న తొట్లలో కొన్ని రొయ్యలు పక్కకు ఒరిగి ఉన్నాయి. తెల్లబడి, కొన్ని గులాబీ రంగుకు తిరిగాయి. వండిన రొయ్య ఆ రంగులోనే ఉంటుందని తర్వాత ఎవరో చెప్పారు. సాయంత్రం శ్యామల ఫోన్ చేసి, "అన్నీ బాగున్నాయా?" అంది. "బాగున్నాయి" అన్నాను. ముప్పై ఏళ్ళలో తనతో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటన్నింటిలోకీ నీచమైనది ఇదే.

పదో రోజు పొద్దున పసుపు తొట్టి ముందుకు వెళ్ళాను. నాలుగేళ్ళ కష్టం అడుగున పడి ఉంది. ఒక్కటి కూడా కదలడం లేదు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, నిన్నటి అబద్ధంతో సహా.

"నీళ్ళు దేంట్లో పట్టారండీ?" అంది శ్యామల.

"అమ్మ రాగి బిందెలో. మంచిదని."

ఆవిడ గొంతులో కోపం లేదు. "రాగి వాటికి విషమండీ. ఇత్తడి జల్లెళ్ళు వద్దన్నదీ అందుకే. మనకు తెలియనంత చిన్నపాటి రాగి కూడా వాటికి ఎక్కువే. అది నేను కాగితంలో రాయాల్సింది. మనింట్లో రాగి బిందె ఉందని తెలిసి కూడా రాయలేదు. సరే, ముందు ర్యాకు పైన మెయిన్ ట్యాపు కట్టెయ్యండి. కట్టేశారా? మంచం కింద నేను బోరు నీళ్ళూ ఆర్‌వో నీళ్ళూ కలిపి పెట్టిన డబ్బాలు రెండున్నాయి. షాపులో ఆర్‌వో బొగ్గు ఫిల్టర్లుంటాయిగా, అవి కోసి బొగ్గు పల్చటి గుడ్డలో కట్టి తొట్టికొకటి వెయ్యండి. చిన్న తొట్ల నుంచి మొదలుపెట్టి సగం నీళ్ళు తీసి..."

ఒక్కొక్కటే చెబుతూ ఉంటే నేను చేస్తూ పోయాను. ఆగి, "శ్యామలా, నా వల్ల కాదు. నువ్వు రా. ఇప్పుడే కారు పంపిస్తా, గంటలో ఇక్కడుంటావు" అన్నాను.

"రాను" అంది.

"పై అరలో ఇంకా కొన్ని బతికున్నాయి. నువ్వొస్తే..."

"పోయినసారి వచ్చా కదండీ. ఇవాళే అక్క మొదటిసారి లేచి రెండడుగులేసింది. మీరున్నారుగా అక్కడ. మీరు చేస్తారు."

ఫోన్ పెట్టేసింది. నాలుగేళ్ళు కంటికి రెప్పలా పెంచినవాటిని పోగొట్టిన మనిషి చేతికే, మిగిలినవాటిని కూడా అప్పగించింది. నేను గట్టిగా ఏడ్చాను. చేతులు మాత్రం ఆపలేదు. ఆ రోజంతా షాపు తియ్యలేదు. పన్నెండు తొట్లలో పై అరవి మూడే నిలబడ్డాయి, ఎర్రవి. పసుపువి ఒక్కటీ మిగల్లేదు.

పదిహేనో రోజు నందిగామ వెళ్ళాను శ్యామలను తీసుకురావడానికి. ముందు రోజే ఫోన్‌లో, వచ్చేటప్పుడు షాపులోంచి ఒక వాల్వు, మూరెడు పైపు తెమ్మంది. ఎందుకో చెప్పలేదు, నేను అడిగే స్థితిలో లేను. వదిన గదిలోకి అడుగుపెట్టేసరికి ఆవిడ మంచం మీద లేదు. వాకర్ పట్టుకుని, పళ్ళు బిగబట్టి, కిటికీ వైపు నడుస్తోంది. కిటికీ గట్టు మీద జాడీ ఉంది. శ్యామల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సాయం పట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

సంగతి తర్వాత తెలిసింది. మొదట జాడీ మంచం పక్కనే పెట్టిందట. వదిన మొదటి రోజు మొహం తిప్పుకుంది, రెండో రోజు ఓరకంట చూసింది, మూడో రోజు ఒకదానికి పేరు పెట్టింది. ఎంత నొప్పెట్టినా నడవాలని డాక్టర్లు చెబితే మాత్రం ససేమిరా లేవనంది. అప్పుడు శ్యామల జాడీని నాలుగడుగుల అవతల కిటికీలోకి మార్చేసి, వంటింట్లోంచి, "అక్కా, నా చేతులు పిండిలో ఉన్నాయి. నీళ్ళు బొట్టు దిగిపోయినట్టున్నాయి, రెండు చెంచాలు పొయ్యవూ" అందట. నీళ్ళు ఎటు నుంచి ఎటు పోవాలో తెలిసిన మనిషి, అక్కను కూడా అటే నడిపించింది.

నాలుగడుగులకు నాలుగు నిమిషాలు పట్టింది. వదిన కిటికీ గట్టు పట్టుకుని నిలదొక్కుకుని, పక్కనున్న గిన్నెలోంచి చెంచాతో ఒకసారి, రెండోసారి నీళ్ళు పోసింది. వంగి బొట్టు చూసుకుంది. జాడీలో నాచు మీద పసుపు రొయ్యలు తిరుగుతున్నాయి. పరీక్షగా చూస్తే వాటి మధ్య ఆవగింజంత పిల్లలు కూడా ఉన్నాయి. పోయాయనుకున్న నాలుగేళ్ళు అక్కడ, ఆవిడ చెంచా కింద బతికున్నాయి.

"కూర్చోండి మరిదిగారూ" అంది వదిన. "మొన్న మీ ఫోను నేనూ విన్నా. ఇది సంచీ సర్దుకుంటుందని కళ్ళు మూసుకుని పడుకున్నా. కాసేపటికి వంటింట్లో మిక్సీ చప్పుడైంది. పచ్చడి చేస్తోంది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది."

శ్యామల ఆ మాట విననట్టే నా వైపు చెయ్యి చాచింది. జేబులోంచి వాల్వు, పైపు తీసిచ్చాను.

"ఏంటే అది?" అంది వదిన.

"వాల్వు అక్కా. రొయ్యల్లో సగం నేను తీసుకెళ్ళి సగం నీకు వదిలేస్తా. జాడీకి ఇది బిగించి, పక్కన చిన్న డబ్బా పెడితే చాలు. రోజూ నువ్వు లేవక్కర్లేదు, నీళ్ళు అవే నిండుతాయి."

"అయితే వద్దు."

"ఎందుకక్కా?"

"పొద్దున్నే నేను లేచేది దీనికోసమే. అవే నిండితే ఇంక నేను లేవడం దేనికి?"

శ్యామల వాల్వు నా చేతిలో పెట్టేసింది. అంత కష్టపడి చేసిన విద్యను ఎక్కడ వాడకూడదో కూడా తెలిసిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

వదిన వాకర్ మీద వెనక్కి తిరుగుతూ ఆగి, చేతిలోని చెంచా నా మొహం ముందుకు తెచ్చి చూపించింది.

"కంగారుపడకండి మరిదిగారూ" అంది. "స్టీలుదే."

అక్కాచెల్లెళ్ళిద్దరూ నవ్వారు. నేను వాల్వు జేబులో పెట్టుకున్నాను.